లింగమూర్తి నాలుక

శ్రీరాంపూర్ కాలనీలో పెళ్లి కుదిరితే ముందు అయ్యగారి దగ్గరికి పోయి ముహూర్తం అడుగుతారు. ఆ తరువాత లింగమూర్తి ఇంటికి వచ్చి ఆయన ఏ రోజు ఖాళీగా ఉంటాడో అడుగుతారు. అయ్యగారు రాకపోతే ఇంకో అయ్యగారిని పిలుచుకుంటారు గానీ, లింగమూర్తి లేకుండా మిఠాయికి బయానా ఇవ్వరు. ఆడపిల్లతో పంపే సారె అత్తగారి వాడకట్టులో ఇంటింటికీ పంచాలి. పంచిన లడ్డూ బాగాలేకపోతే ఆ పిల్ల అక్కడే ముసలిదై మనవలను ఎత్తుకున్నా సరే, గట్టి లడ్డూలు తెచ్చిన కోడలిగానే మిగిలిపోతుంది. ఆ భయానికి ఆడపిల్ల తల్లిదండ్రులు దుకాణానికి పోయేటప్పుడు లింగమూర్తిని వెంట తీసుకుపోతారు.

ఆయనేమీ వంటవాడు కాదు. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన కార్మికుడు. అన్నేళ్లు భూమి కింద ఉండి పైకి వచ్చిన మనిషికి కాలనీ పెద్దగా ఏమీ ఇవ్వదు. కిరాణం ముందరి సిమెంటు బల్ల మీద జానెడు చోటు ఇస్తుంది. అక్కడ కూర్చుని ఎవరి మోకాళ్లు పోయాయి, ఎవరి కొడుకు ఇంకా ఖాళీగా తిరుగుతున్నాడు అని మాట్లాడుకుంటూ తమ వంతు వచ్చేదాకా చూడాలి. ఆ బల్ల ఎక్కకుండా లింగమూర్తిని కాపాడింది ఆయన నాలుక ఒక్కటే.

ఆ నాలుకకు చదువు బాయి దగ్గరే అబ్బింది. షిఫ్టు దిగాక గొంతులో పట్టిన దుమ్ము వదలడానికి అందరూ బెల్లం ముక్క చప్పరించేవారు. మిగతావాళ్లు దుమ్ము కోసం చప్పరిస్తే లింగమూర్తి బెల్లం కోసం చప్పరించేవాడు. "గిది మొన్నటి బెల్లం కాదు, దుకాణం మార్చినవ్," అని తెచ్చినవాడి మొహం మీదే చెప్పేవాడు. పెళ్లయిన ఏడాది బోనసు వస్తే మంచిర్యాలలో కిలో కలాకండ్ కొన్నాడు. ఇంటికని కొన్నదే. బస్సు శ్రీరాంపూర్ చేరేసరికి కాగితం మిగిలింది. ఇంట్లో అడుగుపెట్టి, బస్సులో ఎవరో కొట్టేశారని చెప్పాడు. కొత్త పెళ్లికూతురు వినోద ఆయన మీసంలో ఇరుక్కున్న తునకను చూసింది. వేలితో తీసి నోట్లో వేసుకుంది. "యాలకులు పాతయి," అని లోపలికి పోయింది. తిట్లు తప్పినందుకు లింగమూర్తి సంతోషించాడు గానీ, ఆవిడ అన్న మాట చెవికి ఎక్కించుకోలేదు.

తిండి కోసం ఆయన చేయని నాటకం లేదు. మేనత్త పత్తి అమ్మేటప్పుడు తోడుండాలని జమ్మికుంట యార్డుకు పోయేవాడు. పత్తి ఎంతకు పోయిందో ఎప్పుడూ చెప్పలేకపోయేవాడు గానీ, అక్కడి కోవ బిళ్ల ఆ రోజు ఎంత మెత్తగా ఉందో చెప్పేవాడు. పరిచయం లేని పెళ్లిళ్లలో దూరి, ఐస్‌క్రీం దగ్గర పెళ్లికూతురివాళ్లకు పెళ్లికొడుకు తరఫునని, పెళ్లికొడుకువాళ్లకు పెళ్లికూతురి తరఫునని చెప్పుకునేవాడు. ఒకసారి రెండు వైపులవాళ్లూ ఒక్కచోటే ఎదురైతే, మధ్యలో నిలబడి ఫొటో దిగి బయటపడ్డాడు. ఆ ఫొటో ఇప్పటికీ ఎవరింట్లోనో గోడకు ఉంటుంది.

దుకాణంలో ఆయన పద్ధతే వేరు. తునక నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. నమిలేవాడు కాదు. దుకాణందారు గల్లా దగ్గర ఊపిరి బిగబట్టి చూసేవాడు. కళ్లు తెరిచి "తినొచ్చు" అన్నాడంటే అంతకు మించిన మెప్పు లేదు. "పాపం, కష్టపడ్డరు" అన్నాడంటే ఆ సీజనుకు ఆ దుకాణం సంగతి అంతే.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో కాలనీ అంతా జ్వరాలు. సిమెంటు బల్ల మీద రెండు చోట్లు ఖాళీ అయ్యాయి. లింగమూర్తికి కూడా వచ్చింది, పన్నెండో రోజుకు తగ్గింది. లేచిన రెండో రోజే ఆయన మాస్కు కట్టుకుని జిలేబీ బండి దగ్గరికి పోయాడు. నోట్లో పెట్టుకుంటే వేడి రబ్బరు గొట్టం నమిలినట్టుంది. "పాపం, కష్టపడ్డవ్," అని బండివాడితో అని, ఇంకో బండికి పోయాడు. అక్కడా రబ్బరు గొట్టమే. ఇంటికి వచ్చి, వినోద కూరగాయలకు పోయిన సందు చూసి వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీశాడు. ఉప్పు, చక్కెర, పసుపు, చింతపండు ఒక్కొక్కటే వేలికి అంటించుకుని నాకాడు. ఏమీ లేదు. కారం మాత్రం మంట పెట్టింది, అది కూడా రుచి చెప్పలేదు. వాసన సంగతి సరేసరి.

నెలలో వస్తుందని ఆర్ఎంపీ చెప్పాడు. నెల గడిచింది, రాలేదు. లింగమూర్తి ఎవరికీ చెప్పలేదు. చెబితే సిమెంటు బల్లే గతి. నోటికి ఏది వస్తే అది అంటూ రోజులు నెట్టాడు.

ఒక పొద్దున చాయ తాగుతుంటే వినోద ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆవిడ అట్లా తీరిగ్గా కూర్చోవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

"చాయ ఎట్లుంది?"

"మంచిగనే ఉంది. చక్కెర జర తక్కువెయ్యాలె," అన్నాడు, తప్పు పట్టకుండా తాగడం అలవాటు లేక.

"దాంట్ల చక్కెర లేదు. పదకొండు దినాలాయె ఎయ్యక. నిన్నయితే ఉప్పేసిన. నిన్న గూడ చక్కెర తక్కువెయ్యమన్నవ్."

లింగమూర్తి గ్లాసులోకి చూశాడు. గ్లాసు ఏమీ చెప్పలేదు.

"మరి చెప్పవేందే?"

"ఎందుకు చెప్తనయ్యా? ముప్పై రెండేండ్ల సంది కంచం ముంగట కూసున్నవంటె ఉప్పెక్కువైంది, పులుపు సాలలే, పోపు మాడింది. ఒక్కనాడన్న ఊకున్నవా? గీ పదకొండు దినాలు నేను ఎంత నిమ్మలంగ వండుకున్ననో నీకేమెర్క!"

వారం రోజులుగా ఇంట్లో కాకరకాయ తప్ప వేరే కూర ఎందుకు లేదో లింగమూర్తికి అప్పుడు తెలిసింది.

"ఎవలకన్న చెప్పినవా?"

"నా మొగని నాలిక పోయిందని డప్పు కొట్టాల్నా?"

"రేపు మమతారాణి టీచరమ్మ రమ్మన్నది. చిన్న బిడ్డ పెండ్లి సారెకు, లక్సెట్టిపేట నాగయ్య దుకాణం కాడికి. కడుపుల నొస్తుందని చెప్త."

"చెప్పు. ఎల్లుండి సంది బల్ల మీద కూసో."

వినోద కాసేపు చూసి, జాలిపడిందో, మిఠాయి గుర్తుకొచ్చిందో, "నేను గూడ వస్త. నేను తింట, నువ్వు మాట్లాడు," అంది.

"నీకేం తెలుస్తదే?"

"నీకు తెలుస్తదా?"

ఇద్దరూ కూర్చుని గుర్తులు పెట్టుకున్నారు. వినోద చేతి గాజులు పైకి తోస్తే బాగున్నట్టు. కొంగుతో మూతి తుడుచుకుంటే బాగాలేనట్టు.

మర్నాడు మమతారాణి ఆటో మాట్లాడి ఇద్దరినీ ఎక్కించుకుంది. నాగయ్య దుకాణం మెట్ల మీదే ఎదురొచ్చాడు.

"రా అన్నా, రా! వదినె గూడ వచ్చిందంటె ఇగ నా దుకాణానికి పండుగే."

మైసూర్‌పాక్ రెండు పళ్లేల్లో వచ్చింది. లింగమూర్తి కళ్లు మూసుకున్నాడు, ఒక కన్ను సందులోంచి చూస్తూ. వినోద తునక నోట్లో వేసుకుంది. కొంగుతో మూతి తుడుచుకుంది. చాలదన్నట్టు ఇంకోసారి తుడుచుకుంది.

"నాగయ్యా," అన్నాడు లింగమూర్తి. "పాపం, కష్టపడ్డవ్."

నాగయ్య మొహం మాడిపోయింది. "ఏం తక్కువైందన్నా? నీ మీదొట్టు, నెయ్యి కారుతుంది చూడు."

ఏం తక్కువైందో చెప్పే గుర్తు వాళ్లు పెట్టుకోలేదు. లింగమూర్తి భార్య వైపు తిరిగాడు. ఆవిడ ఏమీ ఎరగనట్టు గల్లా వెనక అరలోకి చూస్తోంది. అరలో, సంచుల చాటున, డాల్డా డబ్బా అంచు కనబడుతోంది.

"నెయ్యిల డాల్డా కలిసింది."

"పెండ్లాం పిల్లల సాక్షిగ..."

"వాళ్లనెందుకు తెస్తవ్ నడుమ? కలిసిందా, లేదా?"

నాగయ్య మమతారాణి వైపు ఒకసారి, పైన పటాల వైపు ఒకసారి చూశాడు. "జరంత," అన్నాడు.

"గా జరంతే చెప్పిన," అన్నాడు లింగమూర్తి.

డాల్డా లేకుండా మళ్లీ చేస్తానని నాగయ్య మాట ఇచ్చాకే మమతారాణి బయానా ఇచ్చింది. ఆ కథ ఆవిడ బడిలోనూ కాలనీలోనూ చెప్పింది. లింగమూర్తి పేరు నాలుక ఉన్నప్పటి కంటే లేనప్పుడు ఎక్కువ మోగింది. మంచిర్యాల నుంచి కూడా పిలుపులు వచ్చాయి. ప్రతిసారీ భార్యను తీసుకుపోతున్నాడేమిటంటే, "ఇంట్ల ఒక్కతే ఉండలేదు, భయపడ్తది," అనేవాడు. వినోద ఎదురుగా ఉండి భయపడుతున్నట్టు తలవంచుకునేది.

రాను రాను లింగమూర్తికి గర్వం పెరిగింది. గాజులు పైకి పోగానే ఊరుకోకుండా, "ఆవు పాలు, పొద్దటి పితుకుడు" లాంటి మాటలు సొంతంగా కలపసాగాడు. వినోద కూడా తన కూలి తాను వసూలు చేసుకుంది. ప్రతి పనికీ తిరుగు దారిలో ఒక ఐస్‌క్రీం. ఎదురుగా ఆయన్ను కూర్చోబెట్టి తినేది. ఒక చెంచా తిని, పెదవులు ఒకదానికొకటి రాసి చూసి, పక్కన పెట్టేసేది.

"గిది పాలది కాదు, నూనెది. పెదివికి ఎట్ల అంటుకుంటుందో చూడు."

"నాకేం కనవడ్తది?" అని లింగమూర్తి కసురుకునేవాడు. ఆవిడ చెప్పింది నిజమేనని ఆయనకు తెలుసు. ముప్పై రెండేళ్లు తన పక్కనే కూర్చుని తిన్న మనిషికి ఇదంతా తెలిసి ఉండటమే ఆయనకు మింగుడుపడలేదు.

దసరా ముందర నస్పూర్ చౌరస్తాలో సాయిచంద్ బేకరీ పెట్టాడు. ఏడేళ్లు మస్కట్‌లో ఒక హోటలు వంటింట్లో కేకులు చేసి వచ్చినవాడు. కేకుల మీద గులాబీ పూలు లేవు, ఆకుపచ్చ జెల్లీ లేదు. జనం అద్దాల్లోంచి చూసి, "గిదేంది, బోసిగున్నయ్," అనుకుంటూ పోయి పక్కన క్రీంబన్ను తింటున్నారు. పది రోజులు చూసి, సాయిచంద్ లింగమూర్తి ఇంటికి వచ్చాడు.

"కాకా, ఆదివారం అందర్ని పిలుస్తున్న. నువ్వొచ్చి అందరి ముంగట తిను. బాగలేకుంటె బాగలేదనే చెప్పు. తినొచ్చు అన్నవనుకో, నా దుకాణం నిలవడ్తది."

లింగమూర్తి సరేనన్నాడు. వినోద కొత్త గాజులు వేసుకుంది.

ఆదివారం పొద్దున పదింటికే చౌరస్తా నిండింది. సిమెంటు బల్ల జనమంతా కుర్చీలు పట్టుకున్నారు. మమతారాణి వచ్చింది. లక్సెట్టిపేట నుంచి నాగయ్య కూడా తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, కొత్తవాడి సరుకు చూద్దామని మూలన నిలబడ్డాడు. ముందు ఖర్జూరం కేకు ఇచ్చారు. వినోద ఒక ముక్క తిన్నది, గాజులు మోచేతి దాకా పోయాయి.

"తినొచ్చు!" అన్నాడు లింగమూర్తి. చప్పట్లు కొట్టారు. అక్కడితో ఇంటికి పోయి ఉంటే ఏ గొడవా లేకపోయేది.

సాయిచంద్ రెండు కప్పుల్లో ఐస్‌క్రీం తెచ్చాడు. తెల్లగా ఉంది. కప్పు మీద పేరు లేదు.

"కాకా, గిది ఏం పండుతోని చేసిన్నో నువ్వే చెప్పాలె. ఎవలకు చెప్పలే. నువ్వు చెప్పినంకనే పేరు రాస్త."

పండు పేరుకు గాజుల్లో గుర్తు లేదు, కొంగులో గుర్తు లేదు. సరే, బాగుందో లేదో తెలిస్తే మిగతాది నెట్టుకురావచ్చని వినోద వైపు చూశాడు. వినోద చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఆవిడ కళ్లు మూసుకోవడం ఎన్నడూ లేదు, అది ఆయన పద్ధతి. చెంచా ఇంకా నోట్లోనే ఉంది. గాజులు కదలలేదు. కొంగు కదలలేదు. లింగమూర్తి దగ్గాడు. కాలితో కాలు తొక్కాడు. ఆవిడ కాలు వెనక్కి తీసుకుని ఇంకో చెంచా నోట్లో పెట్టుకుంది. ఆ సమయంలో ఆవిడకు చౌరస్తా లేదు, జనం లేరు, మొగుడు అసలే లేడు.

"చెప్పు లింగమూర్తీ, ఏం పండు?" అని బల్ల వైపు నుంచి ఎవరో కేకేశారు.

మామిడి అనాలా? సీజను కాదు. అరటి? పనస? తప్పు చెబితే పరువు పోతుంది. ఈ కాలంలో ఏ దుకాణంలోనైనా సీసాలోదే పోస్తారు కదా అని ఆలోచించుకుని, లింగమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"పండు ఎక్కడిది సాయిచంద్? ఎసెన్సు."

సాయిచంద్ మొహంలో రక్తం లేదు. జనంలో గుసగుస లేచింది. నాగయ్య మూలలోంచి ఒక అడుగు ముందుకు వచ్చాడు. తీర్పు చెప్పినవాడికి తగ్గ నిబ్బరంతో లింగమూర్తి ఇంకో పెద్ద చెంచా నోట్లో పెట్టుకుని కొరికాడు.

కటుక్కుమంది.

ఆ చప్పుడు అందరికీ వినబడింది. లింగమూర్తి రెండు వేళ్లతో నోట్లోంచి తీశాడు. నున్నగా నల్లగా మెరుస్తున్న సీతాఫలం గింజ.

బల్ల జనం కుర్చీల మీద నుంచి పడేంత పని చేశారు.

"ఎసెన్సుకు గింజలు గూడ ఉంటయా కాకా?"

"మస్కట్ ఎసెన్సురా, గింజతోనే వస్తది!"

సాయిచంద్ మాత్రం నవ్వలేదు. "ఒక్క గింజ తప్పిపోయింది కాకా," అన్నాడు, తనదే తప్పు అన్నట్టు. "రెండు గంపలు ఒలిచిన."

నాగయ్య అసలు నవ్వలేదు. నేరుగా ముందుకు వచ్చాడు. "ఆగుండ్రి. సీతాఫలం తిని ఎసెన్సు అన్నోడు, నా మైసూర్‌పాక్ తిని ఏం తెలిసి డాల్డా అన్నడు? టీచరమ్మా, నువ్వే చెప్పు. గీయన మాట పట్టుకొని నా ఇజ్జత్ తీస్తివి. ఆనాడు భయానికి జరంత అన్న గానీ, నా నెయ్యి అసలు నెయ్యి!"

మమతారాణి లింగమూర్తి మొహంలోకి చూసింది. లింగమూర్తి గింజలోకి చూశాడు.

అప్పుడు వినోద కప్పు కింద పెట్టింది. మొగుడి పరువు పోతుంటే లేవని మనిషి, నాగయ్య నెయ్యి మాట వినగానే లేచింది.

"నాగయ్యా, గా అబద్ధం ఆడకు. నీ పాకంల మూడొంతుల్ల ఒకటి డాల్డానే. నోట్ల పండ్లకు మైనం తీరు అంటుకుంది."

"నీకెట్ల తెలుసు వదినె?"

"తిన్నది నేను కాబట్టి! గీయనకు ఎండాకాలం జరమొచ్చిన కాడి నుంచి రుచి తెలుస్తలేదు. ఉప్పు చాయ తాగుతుండు. నేను తింటున్న, గీయన మాట్లాడుతుండు."

ఇంతకాలం దాచింది భార్య నోటి వెంట నాలుగు మాటల్లో రోడ్డు మీద పడింది. లింగమూర్తి కుర్చీలో ఇంకా కిందికి దిగాడు. ఇప్పుడు ఆయనకు కోపం రావాలి. కానీ ఎవరి మీద తెచ్చుకోవాలో తోచలేదు.

"అయితె చిన్నమ్మా," అన్నాడు సాయిచంద్ మెల్లగా, "గిది ఎట్లుంది?"

వినోదకు సిగ్గు వచ్చింది. అంతమంది తన వైపు చూడటం పెళ్లి నాటి తరువాత ఇదే. కొంగు సర్దుకుని, "మస్తుంది బిడ్డా," అంది. "మాట్లాడబుద్ధి గాలే, అందుకే గుర్తు చెప్పుడు మర్శిన. కాని పాలు ఒక్క పొంగు ఎక్కువ కాగినయ్. పండు ఇయ్యాల్టిది కాదు, నిన్నటిది. నిన్నటిదే కావాలె, మెత్తవడ్డంకనే దానికి తీపొస్తది. చక్కెర నువ్వు తక్కువేసింది అందుకే కదా?"

సాయిచంద్ తల ఊపుతూ నిలబడిపోయాడు. పాలు ఒక్క పొంగు ఎక్కువ కాగిన సంగతి అతనొక్కడికే తెలుసు.

జనమంతా గాజు అరల మీద పడ్డారు. మమతారాణి వినోద చెయ్యి పట్టుకుని, "అక్కా, మా పెద్ద బిడ్డ భవ్యశ్రీకి ఏడో నెల. శ్రీమంతానికి ఏమేం చెప్పాల్నో నువ్వొచ్చి చూడాలె," అంటోంది. వినోద "చూద్దాం తీ," అంటోంది, అచ్చం పెద్ద పని ఉన్న మనిషిలాగా.

ఎవరూ చూడని కుర్చీలో లింగమూర్తి ఒక్కడే మిగిలాడు. చేతిలో కప్పు కరుగుతోంది. కొంతసేపటికి వినోద వచ్చి పక్కన కూర్చుంది. ఆ కప్పు ఆయన చేతిలోంచి తీసుకుంది.

"తెల్వనోనికి దండుగ," అని తినసాగింది.

లింగమూర్తి ఓర్చుకున్నాడు. రెండు చెంచాల దాకా ఓర్చుకున్నాడు.

"ఎట్లుందే?"

"చెప్తి గదా."

"గట్ల కాదు. నాకు చెప్పు."

వినోద చెంచా ఆపి ఆలోచించింది. "మొదలు సల్లగ తగుల్తది. అటెంక పాలు. పండు జల్ది దొరకది, నాలికతోని ఎతుకాలె. దొరికినంక జర గరుకుగుంటది, ఇసుక తీరు కాదు, రవ్వ తీరు. గప్పుడు తీపొస్తది. చక్కెర తీపి కాదు, నిమ్మలంగొచ్చి శానాసేపు కూసుంటది."

లింగమూర్తి అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నాడు. "రవ్వ అంటె, బొంబాయి రవ్వా?"

"నడుమ మాట్లాడకు, కరుగుతుంది."

"అయితె చెప్పుకుంట తిను."

"నోట్ల పెట్టుకొని ఎట్ల చెప్పాలె?" అని చివరి చెంచా కూడా గీరి తినేసి, ఖాళీ కప్పు ఆయన చేతిలో పెట్టింది. "ఇంకోటి పట్టుకరాపో. గిది సగం మాట్లాడుట్లనే పోయింది."

లింగమూర్తి గొణుక్కుంటూ లేచి వరసలో నిలబడ్డాడు. ఆయన ముందు నాగయ్య ఉన్నాడు.